భానుమతి అభ్యంతరం

రెండువేల సంవత్సరంలో సింగపూర్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా మాటలన్నీ జావా అనే కంప్యూటర్ భాష చుట్టూనే తిరిగేవి. పేరంటంలో జావా, పుట్టినరోజు పార్టీలో జావా, సెరంగూన్ రోడ్డులో కరివేపాకు ఏరుకుంటూ కూడా జావా. నిన్నటిదాకా ఏదో కంపెనీలో చిట్టాలు రాసుకునే మనిషి ఇవాళ ప్రోగ్రామరైపోయి కొనడానికి కొత్త కండో ఫ్లాట్ చూస్తున్నాడని వినేసరికి ఎవరికి మాత్రం కుదురుగా ఉంటుంది? ఆ గాలి హౌగాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్న భానుమతికీ సోకింది.

భానుమతిది పాలకొల్లు. బీకాం చదివింది. భర్త కృష్ణప్రసాద్ ఒక బ్యాంకులో పాతకాలపు కంప్యూటర్ ప్రోగ్రాములు చూసుకునేవాడు. కూతురు అక్షర రెండో క్లాసు. భర్త ఆఫీసుకీ, పిల్ల బడికీ వెళ్ళాక భానుమతికి ఇంట్లో కాలు నిలిచేది కాదు. పక్కింటి మలయ్ ఆవిడకి ఆవకాయ పెట్టడం నేర్పి, ఆవిడ దగ్గర సంబల్ కారప్పచ్చడి నూరడం నేర్చుకుంది. కింద షాపులో చైనా ముసలాయన ఏం మాట్లాడుతున్నాడో చేతి సైగలతోనే అర్థం చేసుకుని బేరమాడేది. అలాంటి మనిషి, "కోర్సు పూర్తికాగానే ఉద్యోగం మా పూచీ" అని ఒక ఇన్‌స్టిట్యూట్ పేపర్లో వేసిన ప్రకటన చూసి ఊరుకుంటుందా?

ఆ ఇన్‌స్టిట్యూట్ అసలు పేరు బారెడు ఉండేది. గుమ్మం మీద పెద్ద ఆకుపచ్చ బోర్డు ఉండటంతో మనవాళ్ళందరూ దాన్ని పచ్చబోర్డు అనేసేవారు. అందులో భానుమతిలాంటి గృహిణులే కాదు, టాక్సీ నడిపేవాళ్ళు, షిప్‌యార్డు సూపర్‌వైజర్లు, ఉద్యోగం ఊడిన చైనా గుమాస్తాలు, అందరూ చేరారు. మూడొందల మందికి పైగా ఫీజు ముందే కట్టేశారు. భానుమతి కట్టింది తన గాజులు అమ్మిన డబ్బు. మొదటి నెలంతా మౌస్ పట్టుకోవడం ఎలాగో చెప్పారు. రెండో నెలలో పాఠం చెప్పే కుర్రాడు ఇంకా మంచి ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయాడు. మూడో నెల నుంచి వెళ్ళినప్పుడల్లా క్లాసు గదికి తాళమే.

అప్పుడు ఐదుగురు విద్యార్థులు ముందుకొచ్చి, మిగతా అందరి తరఫునా కోర్టులో దావా వేశారు. ఆ ఐదుగురిలో బుకిట్ బటోక్‌లో ఉండే రాజారావు ఒకడు. గుంటూరు వైపు మనిషి, కృష్ణప్రసాద్‌కి స్నేహితుడు, భానుమతి నోరారా అన్నయ్యగారని పిలిచే మనిషి. కేసు చూసేది క్వెక్ అనే లాయరు, పెద్ద ఆఫీసు, పెద్ద పేరు. "మీరెవరూ బెంగపెట్టుకోకండి, నేనున్నాగా" అన్నాడు రాజారావు. అందరూ నిశ్చింతగా కూర్చున్నారు.

ఏడాది తిరిగాక పోస్టులో ఒక నోటీసు వచ్చింది. రాజీ కుదిరిందట. భానుమతి పొయ్యి మీద చారు మరుగుతుండగా నిలబడే చదివింది. ఒక్కొక్క విద్యార్థికీ ఒక్కొక్క కూపను ఇస్తారు. ఆ కూపను చూపిస్తే అదే పచ్చబోర్డులో ఇంకో కోర్సుకి సగం ఫీజు తగ్గిస్తారు. ఇక మీదట ఎవరూ ఆ ఇన్‌స్టిట్యూట్‌ని ఏమీ అడగకూడదు. క్వెక్ గారి ఫీజు మాత్రం ఇన్‌స్టిట్యూటే రొక్కంగా ఇచ్చేస్తుంది. జడ్జి ఒప్పుకుంటే ఇది అందరికీ వర్తిస్తుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఫలానా రోజున కోర్టుకొచ్చి చెప్పుకోవచ్చు.

చారు పొంగి పొయ్యంతా అయింది. ఆవిడ చూడలేదు.

"సగం ఫీజేంటి? అంటే మళ్ళీ మనమే ఎదురు కట్టి, మళ్ళీ ఆ తాళం వేసిన గుమ్మం దగ్గరికే వెళ్ళాలా?" సాయంత్రం కృష్ణప్రసాద్ చెప్పులు విప్పకముందే అడిగింది.

"పోనీలేవే. కోర్టులూ గోలా మనకెందుకు? పోయిందనుకుందాం," అన్నాడు కృష్ణప్రసాద్. ఆయన మెత్తటి మనిషి. గొడవంటే మైలు దూరం.

"పోయిందనుకోడానికి నేను సిద్ధమేనండి. కానీ వీళ్ళు పోయిందనుకోమనట్లేదు. ఇచ్చేశాం, దణ్ణం పెట్టమంటున్నారు. అదీ నా బాధ," అంది.

మర్నాడు పిల్లని బడిలో దింపి నేరుగా లిటిల్ ఇండియా బస్సెక్కింది. అక్కడ పసుపూ కారం మర పట్టే కొట్టు పైన ఒక లాయరమ్మ ఉంటుందని, జీతాలు ఎగ్గొట్టిన మేస్త్రీల మీద పనివాళ్ళ తరఫున ఊరికే వాదిస్తుందని సామాన్ల కొట్టులో ఎవరో అనుకోగా ఎప్పుడో వింది. మెట్లెక్కుతుంటేనే కారం ఘాటుకి నాలుగు తుమ్ములు వచ్చాయి.

పైనున్న మనిషి పేరు వసుంధర. యాభై దాటిన వయసు, పొట్టి జుట్టు, నూలు చీర, కాళ్ళకి బూట్లు. ఆవిడ తాత శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాడు. ఆవిడ పుట్టింది సింగపూర్‌లోనే. మాట సగం తెలుగు, సగం తమిళం, మధ్యమధ్యలో మలయ్.

"రా మా, కూచో. సుదా మకాన్? తిన్నావా?" అని బల్ల మీద ఉన్న ఇడ్లీ పొట్లం ముందుకు తోసి, నోటీసు అందుకుంది. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చివరికి బల్ల మీద గట్టిగా చరిచింది. భానుమతి ఉలిక్కిపడింది.

"అలామాక్! ఇన్నేళ్ళలో ఇంత సిగ్గులేని రాజీ చూడలేదు మా. దావా వేసింది విద్యార్థుల కోసం. డబ్బు లాయరుకి, కూపను విద్యార్థులకి!"

"దీన్ని ఆపగలమా ఆంటీ?"

"ఆపొచ్చు. జడ్జిగారికి ఇప్పటిదాకా రెండు పక్షాలూ చేతులు కలిపి మంచి రాజీ అనే చెప్తుంటాయి. కాదని చెప్పే గొంతు ఒకటి కావాలి. ఆ గొంతు నీదైతే నేను నీ పక్కన నిలబడతాను. ఫీజు వద్దు. గెలిస్తే వాటా పుచ్చుకోడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు." ఆవిడ నోటీసు మడిచి భానుమతి చేతిలో పెట్టింది. "కానీ ఒక మాట ముందే చెప్పాలి. ఓడిపోతే వాళ్ళ ఖర్చు కొంత నిన్ను కట్టమనొచ్చు. ఇంటికెళ్ళి మీ ఆయనతో మాట్లాడుకుని రా."

భానుమతి ఆ రోజు ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. బస్సులో కూర్చుని తనలో తనే మాట్లాడుకుంటుంటే పక్కనున్న ముసలమ్మ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయిందట. భయం లేకపోలేదు. కానీ భయం కింద ఇంకేదో ఉంది. ఎన్నాళ్ళనుంచో మూలన పడేసిన చురుకుదనం ఒక్కసారిగా లేచి కూర్చున్నట్టుగా ఉంది.

కృష్ణప్రసాద్ అంతా విన్నాడు. వరండాలోకి వెళ్ళి కింద కార్లు చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, "నువ్వు వద్దన్నా మానవు. నేను అడ్డుపడ్డానని అనిపించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. కానీయ్," అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

ఒక్క గొంతు చాలదని వసుంధర చెప్పింది. నోటీసు అందరికీ చేరినా చాలామంది చదవకుండా పక్కన పడేసి ఉంటారు. వాళ్ళని వెతకాలి. ఎలా? అప్పుడు భానుమతికి ఒక ఆలోచన వచ్చింది. ఇంటర్నెట్‌లో ఊరికే పేజీ పెట్టుకోనిచ్చే రోజులవి. లైబ్రరీకి వెళ్ళి వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేర్పే లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చింది. పగలంతా కృష్ణప్రసాద్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక చుక్క ఎక్కువైతే పేజీ అంతా ఎందుకు మాయమవుతోందో తెలీక జుట్టు పీక్కుంది. ఆఫీసు నుంచి ఆయన ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎంగేజే, లైనంతా మోడెమ్‌దే. వారం తిరిగేసరికి పేజీ నిలబడింది. పైన ఎర్రటి అక్షరాలతో "మాకు కూపను వద్దు" అని ఇంగ్లీషులో. కింద ఎవరైనా వచ్చి పేరు రాసుకోడానికి చోటు. ఎంతమంది చూశారో చూపించే అంకెల పెట్టె.

మొదటి రెండు రోజులూ ఆ అంకె కదల్లేదు. చూసిందల్లా తనూ, అక్షరా. ఆదివారం సెరంగూన్ రోడ్డులో జనం మధ్య నిలబడి, పేజీ అడ్రసు అచ్చేసిన చీటీలు పంచింది. షిప్‌యార్డు నుంచి వచ్చిన కొండయ్య అనే సూపర్‌వైజరు, ఆయనా పచ్చబోర్డు బాధితుడే, చీటీ చూసి, "నీయమ్మ, నేనొక్కణ్ణే మోసపోయిననుకుని ఎవ్వనికీ చెప్పలే అక్కా!" అని చీటీల కట్టలో సగం లాక్కుని తన డార్మిటరీకి పట్టుకుపోయాడు. సోమవారం పొద్దున పేజీ తెరిస్తే అంకె ఎగబాకుతోంది! చైనా పేర్లు, మలయ్ పేర్లు, తమిళం, తెలుగు. ఒక టాక్సీ డ్రైవరు తన బండిలో ఎక్కినవాళ్ళందరికీ చెప్తున్నానని రాశాడు. ఇంకొకావిడ, "నాదీ అదే కథ. నేనూ కోర్టుకొస్తాను," అని ఒక్క ముక్క రాసింది. భానుమతి అది చదివి గట్టిగా కేక పెడితే పక్కింటి మలయ్ ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, యూ ఫేమస్ ఆల్రెడీ లా!" అంది అక్షర.

అదే వారం రాజారావు ఇంటికొచ్చాడు. కాఫీ ముట్టుకోలేదు.

"ఏందమ్మా ఇది? ఏడాదిపాటు లీవులు పెట్టుకుని ఆ లాయరు చుట్టూ తిరిగింది మేము. కుదిరిన దాన్ని నువ్వు చెడగొడతావా? రేపు ఆ కూపను కూడా రాకపోతే జనం నిన్నే అంటారు, ఆలోచించుకో."

"మీ కష్టం కాదనను అన్నయ్యగారూ. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఐదుగురికీ కూపనేనా?"

రాజారావు కృష్ణప్రసాద్ వైపు చూశాడు. గోడమీద గడియారం చూశాడు. "ఆ వివరాలు లాయరుగారు చూసుకుంటారు," అని లేచాడు. లిఫ్టు వచ్చేదాకా కూడా నిలబడకుండా తొమ్మిది అంతస్తులూ మెట్ల మీద నుంచే దిగి వెళ్ళిపోయాడు.

విచారణ రోజున సిటీహాల్ దగ్గర పాత కోర్టు భవనం మెట్ల మీద భానుమతి నిలబడి ఎదురుచూసింది. వంగపండు రంగు పట్టుచీర కట్టుకుంది. ఎవరొస్తారో, అసలు వస్తారో రారో. అంతలో రైలు స్టేషన్ వైపు నుంచి జనం రావడం మొదలైంది. కొండయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఐదారుగురితో వచ్చాడు. టాక్సీ డ్రైవరు వచ్చాడు. ఎప్పుడూ చూడని మొహాలు ఆవిణ్ణి చూసి, "ఆ పేజీ పెట్టింది మీరేనా?" అని చెయ్యి ఊపుతున్నాయి. కోర్టు హాలు నిండి, బయట వరండాలో కూడా నిలబడ్డారు. గుమాస్తా వచ్చి కుర్చీలు వేయించాల్సి వచ్చింది. వెనక వరసలో కృష్ణప్రసాద్ టై కట్టుకుని కూర్చున్నాడు. సెలవు పెట్టానని ఇంట్లో చెప్పనేలేదు!

క్వెక్ లేచి చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడాడు. కేసు నడిపితే ఏళ్ళు పడుతుంది, చేతికి వచ్చేది నమ్మకం లేదు, ఈ రాజీ వల్ల విద్యార్థులకి చదువు దక్కుతుంది అన్నాడు. వింటుంటే నిజమేనేమో అనిపించేలా ఉంది. తర్వాత పచ్చబోర్డు తరఫు లాయరు లేచాడు. ఒక కాగితం పైకెత్తాడు. అది భానుమతి వెబ్ పేజీ అచ్చు తీసిన కాగితం!

"యువర్ ఆనర్, అభ్యంతరం చెబుతున్న ఈ గృహిణి ఇంత చక్కని వెబ్ పేజీ తయారుచేశారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో చేరకముందు ఆవిడకి కంప్యూటర్ ముట్టుకోవడం రాదు. ఇంతకంటే మా చదువు విలువకి రుజువేం కావాలి?"

హాల్లో గుసగుసలు లేచాయి. భానుమతి మొహంలో నెత్తురు చుక్క లేదు. తను రాత్రింబవళ్ళు కష్టపడి పెట్టుకున్న పేజీ తన పీకకే చుట్టుకుంటోంది! వసుంధర మాత్రం చిన్నగా నవ్వి, లేచి, "ఆవిడ ఇక్కడే ఉన్నారు. యువర్ ఆనర్ ఆవిణ్ణే అడగవచ్చు," అంది. కూర్చుంటూ భానుమతి చెవిలో, "జంగాన్ తాకుత్ మా. భయం వద్దు. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు," అంది.

జడ్జి తెల్లజుట్టు పెద్దమనిషి. "ఈ పేజీ చెయ్యడం మీకు ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

భానుమతి లేచింది. "లైబ్రరీ పుస్తకం నేర్పింది సార్. ఇన్‌స్టిట్యూట్‌లో మాకు మౌస్ పట్టుకోవడం దాకా చెప్పారు. ఆ తర్వాత తాళం వేశారు. పుస్తకం తిరిగి ఇవ్వడం ఆలస్యమైందని జరిమానా కూడా కట్టాను. కావాలంటే లైబ్రరీ వాళ్ళని అడగండి."

హాలంతా గొల్లుమంది. జడ్జి కూడా మీసం చాటున నవ్వాపుకుని, "ఈ కూపను ఇస్తే మీరు వాడుకుంటారా?" అన్నాడు.

"వాడుకోను సార్. మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ మోసపోయే హక్కు నాకెందుకు?"

వసుంధర లేచింది. అంతవరకూ నెమ్మదిగా ఉన్న మనిషి ఎత్తుకుంటే ఆగలేదు. మోసపోయినవాణ్ణి మోసం చేసినవాడి కొట్టుకే పంపించి, దాన్ని పరిహారం అనడం ఎక్కడి న్యాయం అంది. ఈ కూపన్లతో ఇన్‌స్టిట్యూట్‌కి కొత్త గిరాకీ వస్తుంది తప్ప ఒక్క డాలరు బయటికి పోదు అంది. చివరికి క్వెక్ వైపు తిరిగి, "ఈ కూపన్లు అంత విలువైనవైతే నా మిత్రులు క్వెక్ గారు తమ ఫీజు కూడా కూపన్లలోనే తీసుకోడానికి సిద్ధమా?" అంది.

వరండాలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. జడ్జి కళ్ళెర్రజేసేసరికి ఆగిపోయాయి. జడ్జి కాగితాలు పక్కకి తోసి, "మిస్టర్ క్వెక్, దావా వేసిన ఐదుగురికి కూడా కూపన్లేనా?" అని అడిగాడు.

"వారితో ఒక విడి ఒప్పందం ఉంది. అది గోప్యం," అన్నాడు క్వెక్.

"నా దగ్గర గోప్యం కాదు."

క్వెక్ తన సహాయకుడితో ఏదో గొణుగుతున్నాడు. అప్పుడు ముందు వరసలో ఎవరో లేచి నిలబడ్డారు. రాజారావు! ఎవరూ పిలవలేదు.

"మా ఐదుగురికీ కట్టిన ఫీజు మొత్తం తిరిగిస్తారు సార్. పైన ఇంకొంత కూడా. ఇది మామూలేనని చెప్పారు. నేను నమ్మాను." ఒక్క గుక్కలో అనేసి, "నాకు వద్దు," అని కూర్చున్నాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

జడ్జి లోపలికి వెళ్ళాడు. ఆ కాసేపు ఎవరూ సీట్లలోంచి కదల్లేదు. భానుమతి చీర కొంగు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. తలుపు తెరుచుకోగానే అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. జడ్జి నాన్చకుండా, సూటిగా, ఈ రాజీ ఎవరికోసం దావా వేశారో వాళ్ళకి న్యాయం చెయ్యడంలేదనీ, దీన్ని తాను ఆమోదించననీ చెప్పాడు. మళ్ళీ మాటలు జరిగితే అభ్యంతరం చెప్పినవాళ్ళ లాయరు కూడా ఆ బల్ల దగ్గర కూర్చోవాలన్నాడు.

కోర్టు మెట్ల మీద ఆ మధ్యాహ్నం పండగే. చైనా ఆవిడ ఎవరో భానుమతిని వాటేసుకుని ఏడ్చింది. కొండయ్య ఆనందం పట్టలేక టాక్సీ డ్రైవర్ని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. కృష్ణప్రసాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఏం మాట్లాడాలో తెలీక, "ఆకలేస్తోందా?" అని అడిగాడు. భానుమతి పగలబడి నవ్వింది. అందరూ దగ్గర్లో తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్ళి, టిష్యూ పొట్లాలు పెట్టి బల్లలు చోప్ చేసుకుని, అంటే తమవని ఆపుకుని, ఎవరి భాషలో వాళ్ళు అరుస్తూ తిన్నారు. రాజారావు మాత్రం రాలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు బేరాలు సాగాయి. వసుంధర బల్ల దగ్గర కూర్చున్నాక కూపను మాట ఎవరూ ఎత్తలేదు. కట్టిన ఫీజులో ఎక్కువ భాగం మూడు విడతల్లో రొక్కంగా ఇవ్వడానికి పచ్చబోర్డు ఒప్పుకుంది. క్వెక్ ఫీజు బాగా తగ్గింది. రెండు విడతలు వచ్చాయి. మూడోది రాకముందే ఐటీ గాలి తిరగబడి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మొత్తం రాలేదన్న చింత కొందరికి ఉంది. భానుమతికి లేదు. గాజులు మళ్ళీ కొనలేదు. ఆ డబ్బుతో సొంతంగా ఒక కంప్యూటర్ కొనుక్కుంది.

వసుంధర ఆవిణ్ణి ఊరికే ఉండనివ్వలేదు. పని చేసుకోడానికి అనుమతి కాగితాలు తనే పెట్టించి, తన ఆఫీసులో కూర్చోబెట్టుకుంది. కృష్ణప్రసాద్ ఉద్యోగం పోయిన ఏడాది ఇల్లు నడిచింది ఆ జీతంతోనే. ఆయన వంట నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆయన చారు భానుమతి చారు కంటే బాగుంటుందని అక్షర వాదిస్తుంది.

రాజారావు చాలాకాలం మొహం చాటేశాడు. ఒక ఉగాదికి తెలుగువాళ్ళ కలయికలో భానుమతే ఎదురెళ్ళి, పచ్చడి గిన్నె చేతిలో పెట్టి, "ఆ రోజు మీరు లేచి నిలబడకపోతే నేను ఓడిపోయేదాన్ని అన్నయ్యగారూ," అంది. ఆయన రెండు చేతులతోనూ గిన్నె అందుకున్నాడు. "కాళ్ళు వాటంతటవే లేచాయమ్మా. నేను లేవలేదు," అన్నాడు. పక్కనున్న వాళ్ళకి ఏమీ అర్థంకాలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంకో రెండేళ్ళకి, విహారయాత్రల పేరుతో డబ్బు కట్టించుకుని ఎగ్గొట్టిన ఒక కంపెనీ మీద జనం కదిలారు. అందులోనూ లాయర్లు తమ వాటా చూసుకుని ఏదో రాజీకి సిద్ధమవుతున్నారు. హౌగాంగ్‌లో ఒక బ్లాకు కింద ఖాళీ స్థలంలో ఆదివారం అందరూ పోగయ్యారు. వసుంధరకి జ్వరం. భానుమతి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడి, తెలుగులో, ఇంగ్లీషులో, వచ్చీరాని తమిళంలో, ఒప్పుకోవడం అంటే ఏం వదులుకోవడమో, వద్దనడానికి ఎక్కడికెళ్ళి ఏం చెప్పాలో వివరించింది. వెనకాల నుంచి ఎవరో, "వినబడట్లేదు ఆంటీ, గట్టిగా!" అని అరిచారు. ఆవిడ ఇంకా గట్టిగా చెప్పింది.